పైకి నౌకరు, కిందికి దొర: సర్కారు గుత్తపనుల చరిత్ర

మన రాజకీయ సాహిత్యంలో ‘గుత్త పెట్టుబడి’ అనగానే మహానగరాల్లోని పెద్ద కంపెనీలు మనసులో మెదులుతాయి. కాని యీ మాట పుట్టింది అక్కడ కాదు. చెరువులో చేపలను, తోటలో కాయలను, సంతలో ఆశీలు వసూలును యింతకని మాట్లాడి ఒకరికి వొప్పగించటాన్ని మన వూళ్లలో గుత్త అంటారు. వొప్పగించినవాడికి తన మొత్తం ముట్టితే చాలు. ఆ మొత్తం ఎవరి చెమటలోనుంచి ఎట్లా వచ్చిందో అతడు అడగడు. అట్లా అడగకపోవటమే గుత్తలోని కీలకం. సర్కారు పనుల కంట్రాక్టు కూడా యీ కీలకం మీదనే తిరుగుతుంది.

నేను యీ వ్యాసంలో పరిశీలించదలచింది కంట్రాక్టు వ్యవస్థ యావత్తునూ కాదు. అందులోని ఒక మనిషిని. అతడు ఒక పనిలో సర్కారుతో నేరుగా ఒడంబడిక చేసుకున్న అసలు కంట్రాక్టరు. మరొక పనిలో మరొక పెద్ద కంట్రాక్టరు కింద ఉప కంట్రాక్టరు. ఒక్కొక్కప్పుడు ఒకే పనిలో పైవాడికి ఉప కంట్రాక్టరు, కిందివాడికి అసలు కంట్రాక్టరు. యితణ్ణిగురించి మన మిత్రుల చర్చల్లో రెండు అభిప్రాయాలు వినబడుతుంటాయి. అతడూ పెద్ద పెట్టుబడి చేతిలో నలుగుతున్న చిన్నవాడే, కనుక శ్రామికుల పక్షాన చేర్చుకోవాలని ఒకటి. అతడు ఉత్త దోపిడీదారు, అతనితో మనకు మాటే వద్దని రెండవది. యీ రెండూ సగం సగం నిజాలని నా అభిప్రాయం. సగం నిజం మీద ఉద్యమం నిలవదు. కనుక చరిత్రను అడుగుదాం.

ఇద్దరు యజమానుల మధ్య నిలిచిన యీ మనిషి రైలుదారులతోనో, ఆనకట్టలతోనో పుట్టినవాడు కాదు. భూమిలోనే అతని పూర్వరూపం వుంది. 1793 నాటి శాశ్వత శిస్తు నిర్ణయం తరువాత బెంగాలులో జమీందారు కంపెనీకి శిస్తు కట్టే బాధ్యత తనదని ఒప్పుకుని, ఆ బాధ్యతను పత్నీదారు నెత్తిన పెట్టాడు. పత్నీదారు దర్‌పత్నీదారును వెతుక్కున్నాడు. 1819లో కంపెనీ ప్రభుత్వం తన 8వ రెగ్యులేషను ద్వారా యీ అంతస్తులన్నిటికీ చట్టబద్ధత యిచ్చింది. బకాయిపడ్డ పత్నీని చప్పున వేలం వేయించే హక్కును జమీందారుకు కల్పించింది. మధ్యనున్న ప్రతివాడూ పైకి బాకీదారు, కిందికి హక్కుదారు. అన్నిటికన్నా అడుగున వున్న రైతు ఒక్కడే ఎవరినుంచీ ఏమీ రాబట్టుకోలేనివాడు. మన పల్లెల్లో కౌలు, మారుకౌలు అన్న మాటలు తెలిసినవారికి యీ నిచ్చెనను విడమరచి చెప్పనక్కరలేదు.

యీ నిచ్చెననే పందొమ్మిదవ శతాబ్దపు రైల్వేలు తమ నిర్మాణంలోకి తెచ్చుకున్నాయి. 1849లో గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే కంపెనీతో కుదిరిన ఒడంబడిక ప్రకారం, వాటాదారుల పెట్టుబడికి నూటికి 5 వడ్డీని కంపెనీ ప్రభుత్వం హామీ యిచ్చింది. రైలు లాభంలో నడిచినా, నష్టంలో నడిచినా ఆ వడ్డీ ముట్టవలసిందే. తరుగు పడితే భారతదేశపు రాబడినుంచి పూరించవలసిందే. యీ సంగతి మనం గట్టిగా గుర్తుంచుకోవాలి. అపాయానికి ప్రతిఫలమే లాభమని బూర్జువా అర్థశాస్త్రం చెబుతుంది. యిక్కడ అన్నిటికన్నా పై అంతస్తులో వున్నవాడికి అపాయమే లేకుండా చట్టం చేసింది. మరి ఆ అపాయం ఏమైంది? మాయం కాలేదు. మెట్టు మెట్టుగా కిందికి దిగింది.

అది ఎంతవరకు దిగిందో భోర్ ఘాటు చెబుతుంది. బొంబాయినుంచి పూనాకు పోయే దారిలో పశ్చిమ కనుమలను ఎక్కించటానికి సుమారు 15 మైళ్ల పొడవున, 1,831 అడుగుల ఎత్తుకు, 25 సొరంగాలతో దారి తొలచవలసి వచ్చింది. యీ పనిని ఫేవియెల్ అనే ఇంగ్లీషు కంట్రాక్టరు గుత్తకు పట్టి 1856లో మొదలుపెట్టాడు. అతని కింద ఉప కంట్రాక్టర్లు, వారి కింద ముకద్దములు, వారి కింద కూలీలు. కొండమీద కూలీకి డబ్బు యివ్వవలసింది రైల్వే కంపెనీ కాదు. చాలాచోట్ల ఫేవియెల్ కూడా నేరుగా కాదు. 1859 జనవరిలో ఘాటుమీద కూలీలు తిరగబడి ఐరోపా ఉద్యోగులమీద దాడి చేశారు. దానికి మూలం మతమూ కాదు, అంతకు కొద్దికాలం ముందే చల్లారిన 1857 తిరుగుబాటు గాలీ కాదు. చేతికి రాని కూలి. అదే సంవత్సరం ఫేవియెల్ పని వదులుకున్నాడు. తరువాత ట్రెడ్‌వెల్ వచ్చాడు. వచ్చిన కొద్దిరోజులకే చనిపోయాడు. కంట్రాక్టును అతని భార్య ఆలిస్ చేపట్టి, అనుభవజ్ఞులైన ఇంజనీర్లచేత పని నడిపించింది. 1861లో ఆ ఘాటుమీద 42,000 మందిదాకా పనిచేశారు. 1863 ఏప్రిల్‌లో బొంబాయి గవర్నరు దారిని ప్రారంభించాడు. కంట్రాక్టర్ల పేర్లు, ఇంజనీరు బెర్క్‌లీ పేరు చరిత్ర గ్రంథాల్లో నిలిచాయి. కలరాతో, పేలుళ్లతో కొండమీద రాలిపోయినవారి పేర్ల పట్టిక ఎక్కడా లేదు; ఎందుకంటే వారు ఎవరి పట్టీలోనూ లేరు, ముకద్దము లెక్కలో తలలుగా మాత్రమే వున్నారు.

తిరుగుబాటు తరువాత ప్రభుత్వం ఏమి చేసింది? 1860లో 9వ చట్టం చేసింది. రైల్వే మొదలైన ప్రజాపనుల్లో యజమానులకూ పనివారికీ మధ్య వచ్చే తగాదాలను మేజిస్ట్రేటు త్వరగా తేల్చాలన్నది దాని ఉద్దేశం. బకాయి కూలికోసం మేజిస్ట్రేటు దగ్గరకు పోవటానికి కూలీకి దారి దొరికింది నిజమే. కాని అదే చట్టం పని మానిన కూలీకి శిక్ష కూడా పెట్టింది. అంతకుముందు ఏడే, అంటే 1859లో వచ్చిన 13వ చట్టం అడ్వాన్సు తీసుకుని పనికి రాని పనివాణ్ణి జైలుకు పంపటానికి వీలు కల్పించింది. అది 1925లో గాని రద్దు కాలేదు. డబ్బు ఎగవేసిన కంట్రాక్టరుది సివిలు బాకీ, పని ఎగవేసిన కూలీది నేరం! యీ రెండు తూకపురాళ్లతో ఆరు దశాబ్దాలకు పైగా నడిచింది.

యీ నిర్మాణాల్లో మన తెలుగువారికి నేరుగా సంబంధం వుంది. దక్షిణాదిలోనూ, దక్కనులోనూ రైలుకట్టలు పోసినవారిలో వడ్డెర్లు ముఖ్యులు. ఇంగ్లీషు ఇంజనీర్ల రాతల్లో ‘వడ్డర్లు’ అని కనబడే యీ మట్టిపని, రాతిపని జనం తెలుగు మాట్లాడేవారు. ఆడ, మగ, పిల్లలతో సహా కుటుంబాలుగా కదలివచ్చి, కట్ట పక్కనే గుడిసెలు వేసుకుని, రోజుకూలికి కాక కొలతకు పని పట్టేవారు. గడ్డపారతో మగవాడు తవ్వితే తట్టతో ఆడది మోసేది. వారికీ ఒక పెద్ద వుండేవాడు. పని మాట్లాడేది అతడే, డబ్బు అందుకునేదీ అతడే. కాగితం మీద చూస్తే ఆ వడ్డెర పెద్ద కూడా ఉప కంట్రాక్టరే. అయితే అతడు తన గుంపుతో పాటు గుంటలో దిగినంతకాలం, కొలత తక్కువ పడితే తన పాలూ తగ్గినంతకాలం, అతణ్ణి కమీషను మేస్త్రీతో ఒక గాటన కట్టటం తప్పు. ఏ రోజు అతడు గడ్డపార దించి గట్టుమీద నిలబడ్డాడో, ఏ రోజు నష్టం గుంపుదీ లాభం తనదీ అయిందో, ఆ రోజు అతడు వేరే వర్గంలోకి అడుగు పెట్టాడు. పేరు మారలేదు, మాట మారలేదు, సంబంధం మారింది. మార్క్సిస్టు దృష్టి అంటే పేర్లను కాక సంబంధాలను చూడటం.

జాతీయవాద చరిత్రకారులు యిక్కడ ఒక మాట అంటారు. తొలిరోజుల్లో అసలు కంట్రాక్టులు తెల్లవారివి, భారతీయులు వారి కింద ఉప కంట్రాక్టర్లు. క్రమంగా బొంబాయి ప్రాంతంలో జంషెడ్జీ దొరాబ్జీ వంటి పార్సీలు రైల్వే కంపెనీనుంచి నేరుగా పనులు సంపాదించారు. యిది దేశీయ పారిశ్రామిక వర్గం ఎదుగుదల అని. యిందులో నిజం వుంది. పరాయి పెట్టుబడి ముందు దేశీయుడు నిలబడటం చిన్న విషయం కాదు. కాని ఎదిగినవాడు ఎక్కిన నిచ్చెనను ఏమి చేశాడని కూడా మనం అడగాలి. పారవేయలేదు, తనకింద యింకొకరిని నిలబెట్టాడు. యజమాని రంగు మారింది గాని నిచ్చెన మెట్ల సంఖ్య తగ్గలేదు.

యిదంతా పాలకుల అజ్ఞానంవల్ల జరిగిందనుకుంటే పొరపాటు. 1891లో బ్రిటిషు కామన్సు సభ న్యాయమైన వేతనాల తీర్మానం చేసింది. సర్కారు కంట్రాక్టుల్లో పనిని కింది కంట్రాక్టర్లకు పంచివేయటంవల్ల వచ్చే దురన్యాయాలను అరికట్టే షరతులు పెట్టాలని ఆ తీర్మానం స్పష్టంగా చెప్పింది. లండను కుట్టుపనివారి చెమట దోపిడీ మీద జరిగిన విచారణ, దాని వెనుక కార్మికోద్యమం వత్తిడి ఆ తీర్మానానికి కారణాలు. అంటే ఉపకంట్రాక్టు ఏమి చేస్తుందో వెస్టుమినిస్టరుకు బాగా తెలుసు. ఆ తెలిసినది సూయజ్ కాలువ దాటి యివతలికి రాలేదు. వత్తిడి లేనిచోట జ్ఞానం వుండీ లేనట్లే. యింకొక సంగతి: వత్తిడి సడలిన తరువాత ఆ దేశంలోనే 1983లో యీ తీర్మానపు ఆఖరి రూపాన్ని రద్దు చేశారు.

స్వాతంత్ర్యం వచ్చింది. ప్రణాళికలు వచ్చాయి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరుకు నెహ్రూ శంకుస్థాపన చేశాడు; 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. యంత్రాలకు బదులు మనుషుల చేతులతో, సిమెంటు కాంక్రీటుకు బదులు రాతికట్టడంతో అంతటి ఆనకట్ట లేచింది. అది మన ఇంజనీర్ల ప్రతిభ, మన శ్రామికుల సత్తా. పాలమూరు జిల్లానుంచి మేస్త్రీ యిచ్చిన అడ్వాన్సు తీసుకుని బయలుదేరిన కుటుంబాలు ఆ తరంనుంచి దేశమంతటి ఆనకట్టల మీద, కాలువల మీద కనబడుతూనే వున్నాయి. ‘పాలమూరు లేబరు’ అన్న మాట ఒక సరుకు పేరులాగా వాడుకలోకి రావటమే మన సభ్యసమాజం మీద తీర్పు. తమ పొలానికి నీరు లేక కదలినవారు యితరుల పొలాలకు నీరు తెచ్చే కాలువలు తవ్వారు.

యీ గొలుసు లెక్క ఎంత సూటిగా వుంటుందో 1982లో సుప్రీంకోర్టు ముందే బయటపడింది. ఆసియా క్రీడలకోసం ఢిల్లీలో స్టేడియంలు, వంతెనలు, ఇళ్లు కట్టిస్తున్నారు. పని ప్రభుత్వ సంస్థలది, కట్టేది కంట్రాక్టర్లు, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, అప్పటి ఒరిస్సాలనుంచి మనుషులను తెచ్చేది జమాదార్లు. కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు. కంట్రాక్టరు దానిని జమాదారు చేతికి యిచ్చాడు. జమాదారు ఒక రూపాయి కమీషను పట్టుకుని 8 రూపాయల 25 పైసలు కూలీకి యిచ్చాడు. ప్రజాస్వామిక హక్కుల ప్రజాసంఘం వేసిన యీ కేసులో జస్టిస్ భగవతి తీర్పు రెండు విషయాలు తేల్చింది. కనీస వేతనం కంటె తక్కువకు చేయించుకునే పని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికి వస్తుంది. తప్పు కంట్రాక్టరుదని చెప్పి పని చేయించుకునే ప్రభుత్వ సంస్థ తప్పుకోవటానికి వీలులేదు. నూరుమందిని తెచ్చిన జమాదారుకు గడ్డపార ముట్టకుండా రోజుకు నూరు రూపాయలు! ఆ రూపాయి చిన్నది కాదు. కూలీ రోజులో అది పదవ వంతుకు పైన.

మరుసటి ఏడు, 1983లో, జమ్మూ కాశ్మీరులోని సలాల్ జలవిద్యుత్ పథకం కేసు వచ్చింది. అక్కడ కంట్రాక్టర్లు తమ పనిని ముక్కలుచేసి చిన్న చిన్నవారికి అప్పగించారు. వీరికి కంట్రాక్టు కార్మిక చట్టం కింద లైసెన్సు అక్కరలేదన్న వాదం వచ్చింది. కోర్టు ఒప్పుకోలేదు. 1970 నాటి ఆ చట్టం ‘కంట్రాక్టరు’ అన్న మాటలో ఉప కంట్రాక్టరును కూడా చేర్చింది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం యింకా ముందుకుపోయి ఖాతాదారును, సర్దారును, ఏజెంటును, ఏ పేరుతో పిలిచినా సరే, ఆ మాటలోకి తెచ్చింది. చట్టం చేసినవారు నిచ్చెనను చూశారన్నమాట. కంట్రాక్టరు కూలి యివ్వకపోతే అసలు యజమాని యిచ్చి అతని బిల్లులో పట్టుకోవాలని కూడా 1970 చట్టం చెప్పింది. కాని ఆ చట్టం 20 మందికి తక్కువ వున్నచోట వర్తించలేదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా కోడ్ ఆ సంఖ్యను 50కి పెంచింది. యిది ఉత్త అంకె కాదు. నిచ్చెనకు కొత్త మెట్లు వేసుకోవటానికి యిచ్చిన అనుమతి. రెండువందలమంది చేసే పనిని నలభైతొమ్మిదేసి మంది చొప్పున అయిదు పేర్ల మీద చీల్చితే చాలు.

యిప్పుడు మన మనిషి దగ్గరకు తిరిగివద్దాం. టెండరు వేయటానికి డిపాజిట్టు కావాలి, వెనుకటి పనుల అనుభవపత్రం కావాలి. అవి లేని చిన్నవాడు పెద్దవాడి కింద చేరతాడు. ఊహకు నూరు రూపాయల పని అనుకుందాం. పైవాడు పది వుంచుకుని తొంభైకి యిచ్చాడు. రెండవవాడు తొమ్మిది వుంచుకుని ఎనభైఒకటికి యిచ్చాడు. మూడవవాడికి సిమెంటు ధర, ఇనుము ధర, లారీ కిరాయి తగ్గించుకునే శక్తి లేదు. అతని చేతిలో తగ్గించదగిన సరుకు ఒకటే: కూలి. పైవాడి బిల్లు ఆఫీసులో ఆగింది. అతడు కిందివాడికి ఆపాడు. కిందివాడు మేస్త్రీకి ఆపాడు. మేస్త్రీ కూలీకి ఆపాడు. కూలీ ఎవరికి ఆపాలి? పొయ్యికి.

యిద్దరి పాత్రలూ ధరించినవాడు ఆలస్యమైన బిల్లు బాధ ఏమిటో తెలిసినవాడు గనుక, తనకింది వారిపట్ల దయగా వుంటాడని కొందరి ఆశ. వ్యక్తులుగా అటువంటివారు వుండవచ్చు, నేను కాదనను. కాని వ్యవస్థ దయమీద నడవదు. ఉప కంట్రాక్టరుగా పోగొట్టుకున్నది అతడు అసలు కంట్రాక్టరుగా రాబట్టుకోగలడు. ఒకచోట చేదును మింగినవాడికి యింకొకచోట దానిని కక్కే వీలు వుంది. ఆ వీలే అతణ్ణి తిరగబడనివ్వదు. యింతేకాదు, యీరోజు ఒకనికింద పనిచేసేవాడు రేపు అతనికి పని యిచ్చేవాడైతే, టెండరుపెట్టెలో వారిద్దరి పోటీ ఎంత నిజమైనదో వేరే చెప్పాలా? పోటీవల్ల ప్రజాధనం ఆదా అవుతుందన్న వాదం అక్కడే కూలిపోతుంది.

ఇందుకు మరొక దారి లేదా? 1925లో కేరళలోని వడగర దగ్గర, వాగ్భటానందుని సంస్కరణోద్యమం ప్రభావంతో, పని దొరకని కొద్దిమంది కూలీలు ఒక పరస్పర సహాయ సహకార సంఘం పెట్టుకున్నారు. అదే తరువాత ఊరాళుంగల్ కార్మిక కంట్రాక్టు సహకార సంఘంగా ఎదిగి రోడ్లు, వంతెనలు, భవనాలు సర్కారునుంచి నేరుగా పట్టి కడుతున్నది. అక్కడ కంట్రాక్టరూ కూలీ ఒకరే. ఒకే మనిషి రెండు పాత్రలు ధరించటం యిక్కడా వుంది. కాని యిక్కడ పైనుంచి వచ్చిన దెబ్బను కిందికి తోయటానికి కిందివాడు లేడు, కనుక సభ్యులందరూ కలిసి దానిని పైకే తిప్పికొట్టవలసి వస్తుంది. పని పెరిగినకొద్దీ సభ్యులుకాని పనివారు చేరినప్పుడు యిదే ప్రశ్న ఆ సంఘం గడపలోకి కూడా వస్తుంది. ఆ ప్రశ్నను దాచటం మనకు తగదు. అయినా నిచ్చెన ప్రకృతిసిద్ధం కాదని చూపటానికి ఆ వందేళ్ల అనుభవం చాలు.

కనుక చిన్న కంట్రాక్టరుపట్ల మన వైఖరి అతని ఆస్తినిబట్టి కాక, బిల్లు ఆగిన రోజున అతడు ఏ వైపుకు తిరుగుతాడన్న దానినిబట్టి నిర్ణయం కావాలి. ఆఫీసువైపు, పెద్ద కంట్రాక్టరువైపు తిరిగితే మనతో కలుస్తాడు; కూలీవైపు తిరిగితే మనకు ఎదురు నిలుస్తాడు. అతడు తిరిగే దిశను మార్చటానికి ఉపదేశం చాలదు, కోరికలు కావాలి. ప్రతి సర్కారు పనిచోట అసలు కంట్రాక్టరు పేరుతోపాటు ఉప కంట్రాక్టర్లందరి పేర్లు, వారు పట్టిన రేట్లు జనానికి కనబడేలా బోర్డుమీద రాయాలి. బిల్లులో కూలి భాగాన్ని విడదీసి, కంట్రాక్టరు లాభం కంటె ముందు నేరుగా పనివారికి చెల్లించాలి. కింది మెట్టు ఎగవేతకు పై మెట్లన్నీ కలిసి జవాబుదారీ కావాలి. పనివారి సంఖ్యను మేస్త్రీ పేరుకింద కాక మొత్తం పనికింద లెక్కగట్టాలి.

యివి విప్లవ కోరికలు కావు. 1891 నాటి పార్లమెంటుకు అర్థమైన సంగతికి, 1982 నాటి తీర్పు చెప్పిన మాటకు ఒక అడుగు ముందు మాత్రమే. విద్యార్థి మిత్రులు తమ కళాశాలకు కొత్త భవనం లేస్తున్నప్పుడు, ఉపాధ్యాయులు తమ బడికి గోడ కడుతున్నప్పుడు, ఆ గోడ కట్టేవారి కూలి ఎన్ని చేతులు మారి వస్తున్నదో లెక్క తీయవచ్చు. చరిత్ర పరిశోధన పాత కాగితాలలో మాత్రమే జరగదు. భోర్ ఘాటుమీద ఎవరూ రాయని ఆ పట్టీని మన కళ్లముందున్న పనిలోనైనా రాయటం మొదలుపెడితే, గుత్తకు ప్రాణమైన ఆ ‘అడగకపోవటం’ అక్కడితో ఆగుతుంది.